బాల్కనీలో అత్తమ్మ

పోయిన నెల ఒక పిల్లల పుస్తకానికి వేసిన బొమ్మలు పెద్ద సైజులో ప్రింటు తీయించుకుందామని అశోక్‌నగర్ వెళ్లాను. దుకాణం నిండా పరీక్షలకు చదువుకునే పిల్లలు, చేతుల్లో నోట్సుల కట్టలు. నా వంతు ఇప్పట్లో రాదని అర్థమై, ఊరికే నిలబడలేక వెనక వీధుల్లోకి నడిచాను. చదువుకునే రోజుల్లో ఈ వీధుల్లోనే కూర్చుని బొమ్మలు వేసేదాన్ని. అప్పటి ఇల్లు ఒక్కటైనా కనిపిస్తుందేమోనని తలెత్తి చూస్తూ పోతుంటే, నీళ్ల క్యాను మోసుకొస్తున్న అమ్మాయి ఒకతి ఆగింది. "రూమ్ కోసం చూస్తున్నరా ఆంటీ? మీ బిడ్డకా? మా హాస్టల్ల ఒక బెడ్ ఖాళీ ఉన్నది" అంది. కాదమ్మా, ఇళ్లు చూస్తున్నానన్నాను. "ఇండ్లెక్కడియి ఆంటీ ఈడ, అన్ని హాస్టల్లే" అని నవ్వి, క్యాను చెయ్యి మార్చుకుని వెళ్లిపోయింది.

ప్రింట్లు తీసుకున్నాక ఇంటికి పోకుండా నారాయణగూడ వెళ్లాను. మెట్రో స్తంభాల పక్కనుంచి లోపలికి తిరిగే ఒక గల్లీ ఉంది. దాని మధ్యలో ఒకప్పుడు చెక్క బాల్కనీ ఉన్న ఇల్లుండేది. ఇప్పుడక్కడ అయిదంతస్తుల భవనం, కింద కళ్ల ఆసుపత్రి. ఎదురుగా నిలబడి ఆ బాల్కనీ గాలిలో ఏ ఎత్తున ఉండేదో అంచనా వేయబోయాను. మొదటి అంతస్తులో ఏసీ పెట్టెలు వరసగా ఉన్నాయే, బహుశా అక్కడ. బాధేమీ కలగలేదు. ఆ ఇంటితో నాకు చుట్టరికం లేదు. ఉన్న చుట్టరికమల్లా మా అత్తమ్మది. అదీ ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకునేది కాదు.

మా ఇల్లు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక. తెల్లవారుతూనే మార్కెట్లో లారీలు దింపిన కొత్తిమీర వాసన, దాని వెనకే కుళ్లిన టమాటల వాసన గాలితో పాటు వచ్చేవి. నల్లా వచ్చే రోజు మా అమ్మ ఎవరినీ పడుకోనిచ్చేది కాదు. గంగాళాలు, బిందెలు, చివరికి పప్పు గిన్నెలు కూడా నిండాల్సిందే. మా బాపు కరెంటాఫీసులో పనిచేసేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాక అన్నం తినేదాకా ఎవరితోనూ మాట్లాడడు, మడత నలుగుతుందన్నట్టు నిటారుగా కూర్చునేవాడు. బాపుకు అక్క, మా అనసూయత్తమ్మ, మాతోనే ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఏళ్ల తరబడి చెవికి హెడ్‌సెట్టు పెట్టుకుని పెట్టుకుని, ఎవరేం చెప్పినా తల కుడివైపు కొంచెం వంచి వినేది. పడుకునే ముందు చెవిలో వెల్లుల్లి కాచిన నూనె చుక్క వేసుకునేది. మా చిన్నప్పుడు ఆ నూనె వాసన వస్తే ఇంట్లో దీపాలార్పే వేళయిందని అర్థం. అమ్మ అన్నానికి పిలిస్తే, చదువుతున్న పేపరు దించకుండానే "హోల్డ్" అనేది. మాకది నవ్వులాట. ఆమెకు అలవాటు.

అత్తమ్మ నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, మెడలో నల్లపూసలు ఉండేవి. భర్త మాత్రం ఇంట్లో లేడు. అది మాకు వింతగా తోచేది కాదు. పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని ఎవరు వింతగా చూస్తారు.

నేను బొమ్మల కాలేజీలో చేరిన రెండో ఏడు, మా మాస్టారు ఔట్‌డోర్ పని ఇచ్చారు. కోటలు, సమాధులు వద్దు, చార్మినార్ అసలే వద్దు, ఎవరి పేటలో వాళ్లు కూర్చుని ఇళ్లున్న వీధులు గీసుకురండి అన్నారు. మగపిల్లలకు అది సెలవు దొరికినట్టే. బీడీ ముట్టించుకుని ఏ అరుగు మీదో కూర్చునేవాళ్లు. నేను ఒక ఆదివారం అట్టకు కాగితం క్లిప్పు పెట్టుకుని అశోక్‌నగర్‌లో ఒక గోడవార రాయి మీద కూర్చున్నాను. ఎదురింటి సజ్జా గీత గీసేలోపల చుట్టూ జనం. హాస్టలు కుర్రాళ్లు పుస్తకాలు చంకన పెట్టుకుని నా వెనక నిలబడి, గీసిన ప్రతి గీతకూ తీర్పు చెప్పారు. సాయంత్రానికల్లా వార్త బాపుకు చేరింది. మీ బిడ్డ గల్లీల కూసున్నదంటగద అని ఎవరో పాన్ డబ్బా దగ్గర అన్నారట.

"ఇంట్ల కూసోని గియ్యరాదా? కిటికీలకెళ్లి రోడ్డు కనవడ్తలేదా?" అన్నాడు బాపు.

కిటికీలోంచి మార్కెట్ వెనక గోడ తప్ప ఏమీ కనిపించదని నేను చెప్పలేదు. అమ్మ చారు గిన్నె దించుతూ, చదువు మార్పిస్తే పాయె అంది. అది బెదిరింపు కాదు. వచ్చే ఏడు నిజంగానే టీచరు ట్రైనింగులో చేర్పించే మాట నడుస్తోంది. అత్తమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, "నేను పోత దానెంబడి. నా డ్యూటీ మాపటికి గద" అంది. ఆ ఇంట్లో అత్తమ్మ మాటకు ఎదురుచెప్పే అలవాటు లేదు. దానికి కారణం ఆమె పెద్దరికం ఒక్కటే కాదని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి సెలవు రోజుల్లో పొద్దున్నే ఇద్దరం బయలుదేరేవాళ్లం. మడత స్టూళ్లు రెండు, నీళ్ల సీసా, నా అట్ట, అత్తమ్మ సంచి. ఆ సంచిలో ఆ రోజు వంటకు కావలసిన పని ఉండేది. చిక్కుడుకాయలు, గోంగూర, లేకపోతే రాళ్లేరాల్సిన బియ్యం. నా పక్కన స్టూలు వేసుకుని, చేట ఒళ్లో పెట్టుకుని, కాయల ఈనెలు తీస్తూ కూర్చునేది. ఒక పెద్దామె చిక్కుడుకాయలు తుంచుతుంటే జనం గుమిగూడరు. ఆ కిటుకు ఆమెకెలా తట్టిందో తెలియదు కాని, ఆమె పక్కన ఉంటే వీధి నన్ను చూడటం మానేసింది. నేను వీధిని చూడటం మొదలుపెట్టాను. ఇస్త్రీ బండి బొగ్గుల వాసన, ఎవరింట్లోనో తాలింపు, ఎండ ఎక్కేకొద్దీ నాలా వైపు నుంచి వచ్చే కంపు. వీటన్నిటి మధ్య పెన్సిలుతో గేటు, గేటు మీద అర్ధచంద్రాకారపు ఇనుప పని, సిమెంటు జాలీలు, మేడ మెట్ల కింద సైకిలు. ముగ్గు గీయడం అన్నిటికన్నా కష్టం. తెల్ల కాగితం మీద తెల్ల ముగ్గు రావాలంటే చుట్టూ నేలను నల్లగా దిద్దాలి.

అత్తమ్మ బొమ్మల గురించి ఏమీ మాట్లాడేది కాదు, ఒక్క విషయంలో తప్ప. మొదటి వారం నేను గీసింది చూసి, "వైర్లు ఏయి?" అంది.

"అవి చూడ్డానికి మంచిగుండయ్ అత్తమ్మా. ఇండ్లకు అడ్డమొస్తయ్."

"అడ్డమొచ్చుడేంది? ఆ స్తంభం మీది సన్నది జూడు, అది టెలిఫోన్‌ది. ఆ ఇంట్ల ఫోనున్నది. పక్కింట్ల లేదు. అది గియ్యకుంటే రెండిండ్లు ఒక్కతీర్గ కొడ్తయి." ఈనె తీసిన కాయను చేటలో పడేసి, "ఇన్నేండ్ల సంది ఈ ఊరంత నాకు చెవులల్లనే ఉన్నది. ఇప్పుడు జూస్తున్న, ఎవరిల్లు ఎట్లున్నదో" అంది.

వైర్లు గీశాను. ముందు ఆమెను ఊరుకోబెట్టడానికి, తర్వాత నాకే నచ్చి. ఆకాశాన్ని కోస్తూ పోయే ఆ గీతలు లేకపోతే మా పేట వీధులు ఏ ఊరివైనా కావచ్చు. మాస్టారు వాటిని చూసి, ఈ గీతలు ఉంచు అని మాత్రం అన్నారు. ఆయన నోట అది పెద్ద మెప్పు. టీచరు ట్రైనింగు మాట ఆ ఏడు వెనక్కి పోయింది.

ఆ కాలంలోనే రోడ్డు వెడల్పు చేస్తారన్న పుకారు పుట్టింది. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా రోడ్డు మీది కొన్ని గోడలకు ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. ఎవరు పెట్టారో, దేనికో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఇళ్లవాళ్లు మాత్రం నిద్రలు మానుకున్నారు. అట్ట పట్టుకుని ఇళ్ల వైపు ఒక కన్ను మూసి పెన్సిలు నిలువుగా పట్టి కొలతలు తీసుకునే నన్ను చూస్తే ఏమనుకుంటారు! గేట్లు తెరుచుకునేవి. "అమ్మా, మాది ఎంత పోతది?" అని లుంగీ కట్టుకున్న పెద్దమనుషులు మెల్లగా అడిగేవాళ్లు. నేను బొమ్మలు నేర్చుకునే పిల్లనని అత్తమ్మ ఎంత చెప్పినా నమ్మేవాళ్లు కాదు. "ఎవరికీ చెప్పొద్దని మీకు ఆర్డరుంటది, మాకు తెల్వదా" అని చాయ్ తెచ్చి ఇచ్చేవాళ్లు. మేం తాగేవాళ్లం. ఒకాయన తన పక్కింటివాడిది ముందు గీయండని బతిమాలాడు.

నారాయణగూడ గల్లీలోని చెక్క బాల్కనీ ఇల్లు నా కంట్లో పడింది అప్పుడే. రెండు రాతి స్తంభాల మీద ముందుకు వాలిన బాల్కనీ, దానికి పలచటి చెక్క కటాంజనం, పైన పెంకుల చూరు. అలాంటిది మా వైపు ఇంకొకటి లేదు. ఇక్కడ కూర్చుందామంటే అత్తమ్మ నడక ఆపకుండానే, "వద్దు, ఈ గల్లీల వెలుతురు మంచిగ లేదు" అంది. వెలుతురు గురించి ఆమె మాట్లాడటం అదే మొదలు. ఇంకో రోజు అడిగితే కుక్కలున్నాయంది. మూడోసారి అడగలేదు, ఇంటికొచ్చి అమ్మనడిగాను.

అమ్మ అప్పుడు జొన్న రొట్టెకు పిండి తడుపుతోంది. చెయ్యి ఆపలేదు. "అది మీ అత్తమ్మ అత్తగారిల్లు" అంది. పెళ్లయి ఆ ఇంట్లో కొన్ని నెలలే ఉందట. కొట్టలేదు, తిట్టలేదు. ఆయన మాట్లాడేవాడు కాదు, అంతే. అత్తగారి పేరు కూడా అనసూయే కాబట్టి కోడల్ని ఆ పేరుతో పిలవడం కుదరక లక్ష్మి అని మార్చారు. బతుకమ్మ పండుగకు పుట్టింటికి పంపారు. మళ్లీ తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మా తాత రెండుసార్లు వెళ్లి అడిగొచ్చాడు. చూద్దాం అన్నారు. ఆ చూద్దాంలోనే అత్తమ్మకు ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది. ఆమె జీతంతో మా బాపు చదువుకున్నాడు. అక్కడ ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నాడు. "కోర్టు గీర్టు అప్పుడెవరికెరుక? గట్లనే ఉండిపాయె. నువ్వు మాత్రం అడగకు వదినెను" అంది అమ్మ.

అడగలేదు. వేరే వీధులు చాలా ఉన్నాయి. బర్కత్‌పురలో ఒక నెల గడిపాం. కాని ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున, స్టూలు చేతపట్టి గేటు దాటుతూ అత్తమ్మే అంది: "నారాయణగూడ పోదాం. ఆ కట్టె బాల్కనీ ఇల్లు గియ్యి. రోడ్డు పెద్దగ జేస్తే ఆ గల్లి మూల గూడ పోతదంటున్నరు." నేను ఆమె ముఖం చూశాను. ఏమీ కనిపించలేదు. "మంచిగ కట్టిండ్రు దాన్ని. కొత్త కోడలు రోడ్డుకు కనవడద్దని నన్నొక్కనాడు గూడ దాని మీద నిలవడనియ్యలే" అంది. ఆమె తనంత తానుగా ఆ ఇంటి ఊసెత్తింది ఆ ఒక్క మాటే.

ఇంటికి ఎదురుగా ఒక మూసి ఉన్న దుకాణం మెట్టు పక్కన కూర్చున్నాం. ఆ రోజు సంచిలో గోంగూర. స్తంభాలు గీసి, బాల్కనీ ఏటవాలు పట్టుకుందామని పెన్సిలు నిలువుగా పట్టానో లేదో, ఎదురింటి తలుపు తెరుచుకుంది. బనీను మీద శాలువా కప్పుకున్న ముసలాయన, చేతికర్రతో రోడ్డు దాటి మా వైపే వచ్చాడు. బాగా చిక్కిపోయిన మనిషి. నా పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది. అత్తమ్మ గోంగూర ఆకులు తుంచుతూనే ఉంది.

"మేడం, నమస్తే" అన్నాడు ఆయన, అత్తమ్మతో. పెద్దావిడ కాబట్టి నా పై అధికారి అనుకున్నాడు. "మాది ఎంత పోతదో జర చెప్తరా?"

"మేము మున్సిపాలిటోళ్లం కాదు. ఇది మా తమ్ముని బిడ్డ. బొమ్మలు గీస్తది" అంది అత్తమ్మ. ఎక్స్ఛేంజీలో మాట్లాడే గొంతు అది. స్పష్టంగా, ఒడిదుడుకు లేకుండా.

"అట్లనే అంటరు మేడం, నాకు తెల్వదా? ఒక్కసారి లోపటికొచ్చి చూడుండ్రి. బాల్కనీ మా జాగలనే ఉన్నది, రోడ్డు మీదికి రాలే. పైకెక్కి జూస్తే మీకే ఎరుకైతది." గొంతు తగ్గించాడు. "నాకు పానం బాగుండదు. ఈ ఇల్లు పోతే నేనేడికి పోవాలె ఈ వయసుల?"

అత్తమ్మ ఆయన ముఖంలోకి నేరుగా చూసింది. ఆయనా చూశాడు, అధికారి ఏమంటుందోనని చూసినట్టు. ఆ చూపులో భయం ఉంది, ఆశ ఉంది. ఇంకేమీ లేదు. అత్తమ్మ చేట స్టూలు మీద పెట్టి, చేతులు దులుపుకుని లేచింది. "నువ్వు గియ్యి" అంది నాతో. ఆయన వెనక రోడ్డు దాటి, గడప దాటి లోపలికి పోయింది.

నేను గీయలేకపోయాను. లోపల ఏమవుతుందో అనుకుంటూ కూర్చున్నాను. కొంతసేపటికి పైన తలుపు గొళ్లెం చప్పుడైంది. ముందు ఆయన వచ్చి పక్కకు జరిగాడు. తర్వాత అత్తమ్మ వచ్చింది. "జాగ్రత్త మేడం, కట్టె పాతది" అన్న మాట కిందికి వినిపించింది. ఆమె కటాంజనం మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆయన కర్రతో గోడ అంచు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఆమె అటు చూడటం లేదు. గల్లీ ఆ చివర నుంచి ఈ చివరదాకా మెల్లగా చూసింది. పాలవాడి సైకిలు పోయేదాకా చూసింది. స్తంభాలు, వైర్లు, కింద నేను. అప్పుడు నా చెయ్యి కదిలింది. బాల్కనీలో ఆమె ఉన్నంతసేపూ గీశాను. వీధి బొమ్మల్లో మనుషులు వద్దు, ముందు ఇళ్లు నిలబెట్టడం నేర్చుకోండి అని మాస్టారి నియమం. ఆ రోజు అది గుర్తే రాలేదు.

కిందికొచ్చాక ఆ ఇంటావిడ, ఆయన రెండో భార్య, గడపలో నిలబడి మంచినీళ్లిచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. ఆయన సాగనంపుతూ, "మీ పేరేంది మేడం? రేపు ఆఫీసుకొస్తే అడగాలె గద" అన్నాడు.

"అనసూయ."

"మా అమ్మ పేరు గూడ అదే" అన్నాడు సంతోషంగా. తెలిసినవాళ్లు దొరికినట్టు.

"మీ ఇల్లు ఏంబోదు. ఫికర్ చెయ్యకుండ్రి. పానం మంచిగ చూసుకోండ్రి" అని అత్తమ్మ రోడ్డు దాటి వచ్చింది. స్టూలు మీద కూర్చుని మిగిలిన గోంగూర అంతా తుంచింది. ఇంటికి నడిచేటప్పుడు నేను ఉండబట్టలేక, గుర్తుపట్టలేదా అత్తమ్మా అని అడిగాను.

"లే" అంది. కొంతదూరం పోయాక, "నేను గూడ తొవ్వల కనవడ్తె గుర్తుపట్టకపోదును" అంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం గోంగూర పచ్చడి కారం ఎక్కువైందని బాపు అంటే, అత్తమ్మ ఎప్పటిలాగే ఇంకో ముద్ద నెయ్యి వేసింది.

తర్వాతి శ్రావణంలో ఫోను మోగింది. తీసింది అత్తమ్మే. విని, "ఆఁ... ఎప్పుడు?... సరే" అని పెట్టేసింది. వంటింట్లోకి వచ్చి, "నారాయణగూడ ఆయన పోయిండంట" అని అమ్మకు చెప్పి, బట్టలు తీసుకుని తలస్నానానికి పోయింది. డ్యూటీకి కూడా వెళ్లింది. మా ఇంట్లో ఏడవటానికి ఏడ్చే మనిషి లేదు, ఓదార్చడానికి చోటు లేదు.

పదో రోజు పొద్దున్నే కవాడిగూడ నుంచి చిన్నతాత వచ్చాడు, మా తాతకు తమ్ముడు. వెంట మా గల్లీ పెద్దాడవాళ్లు ఇద్దరు. ముందు గదిలో కూర్చుని చాయ్ తాగాక చిన్నతాత గొంతు సవరించుకున్నాడు. అక్కడికి పోకపోయినా సరే, ఇవాళ్టితో నల్లపూసలు తీసేయాలి, బొట్టు తుడవాలి, లేకపోతే ఇంటికి మంచిది కాదు, రేపు వాణి పెళ్లికి, అంటే నా పెళ్లికి, నలుగురూ అడుగుతారు అన్నాడు. ఆ ఇద్దరాడవాళ్లూ తలూపారు. నిజానికి మా గల్లీలో పేరంటాలకు అత్తమ్మను పిలిచేవాళ్లు కారు. మొగుడున్నా లేనట్టే కదా అని కొందరు, ఎందుకొచ్చిన గొడవని కొందరు. బొట్టు ఉన్నప్పుడు పిలవనివాళ్లు, ఇప్పుడు ఆ బొట్టు తీయించడానికి పొద్దున్నే స్నానాలు చేసి వచ్చారు.

బాపు నేల వైపు చూస్తున్నాడు. అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. అత్తమ్మ తల కుడివైపు వంచి చివరిదాకా వింది.

"కాకా, మొన్నామధ్య ఆయన నన్ను జూసిండు" అంది. అందరూ తలెత్తారు. "ఎదురుంగ నిలవడి మాట్లాడిండు. నా పేరడిగితే చెప్పిన. అయినా గుర్తుపట్టలే. నాకు కోపం గూడ రాలే కాకా. ఎవరో ముసలాయన, ఇల్లు పోతదని పరేషాన్ల ఉన్నడు, పాపం అనిపించింది. ఇప్పుడు గూడ పాపం అనుకున్న. తానం జేసిన. ఎవరో తెల్వని మనిషి కోసం ఇంతకన్న ఏం జెయ్యాలె?"

"అట్లెట్ల అయితది బిడ్డా, తాళి గట్టినోడు..."

"కట్టింది లక్ష్మికి. ఆ పేరుగల్ల మనిషి ఈ ఇంట్ల లేదు." గొంతు పెరగలేదు. "ఈ బొట్టు మా అమ్మ పెట్టింది నాకు, నేను ఊయలల ఉన్నప్పుడు. ఆయన తేలే."

చిన్నతాత బాపు వైపు తిరిగాడు. నువ్వన్నా చెప్పరా అన్నాడు. బాపు లేచాడు. ఆయన మెట్ల కిందికి వంగి, మా మడత స్టూళ్లు రెండూ తీసి, దుమ్ము దులిపి, ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూడా చూడకుండా చంకలో పెట్టుకున్నాడు. "ఎండెక్కక ముందే పోండ్రక్కా. దాని పరీక్ష దగ్గరికొచ్చింది" అన్నాడు. గేటు దాకా మోసుకొచ్చి ఇచ్చాడు. నన్ను వీధిలో కూర్చోవద్దన్న మనిషి.

ఆ రోజు అశోక్‌నగర్‌లో, మేం అంతకుముందెప్పుడూ కూర్చోని వీధిలో కూర్చున్నాం. నేనేం గీశానో జ్ఞాపకం లేదు. అత్తమ్మ సంచి తీసుకురావడం మరిచిపోయింది, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఖాళీగా ఉండటం అదే మొదలు చూడటం. శ్రావణ శుక్రవారం కాబట్టి గడపలన్నీ పసుపుతో ఉన్నాయి. ఎదురింట్లోంచి కొత్త పట్టుచీర కట్టుకున్న అమ్మాయి, పెళ్లయి ఏడాది కూడా అయి ఉండదు, పళ్లెం పట్టుకుని బయటికొచ్చి రోడ్డు అటూ ఇటూ చూసింది. ఇంటికి వచ్చే ముత్తయిదువలు తక్కువయ్యారేమో. మమ్మల్ని చూసి గబగబా వచ్చింది.

"అమ్మా, ఏమనుకోకుండ్రి, జర బొట్టు పెట్టించుకుంటరా? ఇంకొకరికి వాయనం ఇయ్యాలె" అంది.

అత్తమ్మ నా వైపు చూడలేదు. కొంగుతో నుదుటి చెమట తుడుచుకుని ముఖం ముందుకు చాచింది. ఆ పిల్ల ఉన్న బొట్టు మీదే ఇంకో బొట్టు దిద్ది, మెడకు గంధం రాసి, తమలపాకుల్లో నానబెట్టిన శనగలు, అరటిపండు పెట్టి ఒళ్లో ఉంచింది. వంగి కాళ్లకు మొక్కింది. అత్తమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. పెద్ద ముత్తయిదువలు దీవించే మాట ఒకటుంటుంది, అందరికీ నోటికి వచ్చేదే. ఆమె దాన్ని అనలేదు.

"సల్లగుండు బిడ్డా. నీ పేరు నీకుండాలె" అంది.

ఆ దీవెన ఆ పిల్లకు అర్థమై ఉండదు. నవ్వి, పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. అత్తమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, ఆ బొట్టుతోనే. మా గల్లీవాళ్లు చివరిదాకా ఆమెను పేరంటానికి పిలవలేదు. నా పెళ్లికి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోడ్డు వెడల్పు మేమక్కడున్నన్నాళ్లూ జరగలేదు. ఇళ్లు మాత్రం, యజమానులే ఒక్కొక్కరుగా అమ్ముకోగా, వాటంతటవే పోయాయి. ఇప్పుడు ఆ వీధుల్లో నేను స్టూలు వేసుకుని కూర్చుంటే మా ఇల్లు ఎంత పోతుందని ఎవరూ అడగరు, ఫోనుతో ఒక ఫొటో తీసుకుని వెళ్తారు. ఎదుటిమనిషి ఎవరు, ఎవరి బిడ్డ, మొగుడెక్కడున్నాడు అన్న ఆరా కూడా ఎవరికీ అక్కర్లేదు. హాస్టలు పిల్లల మధ్య అత్తమ్మ ఇవాళ హాయిగా బతికేదనుకుంటాను. కాని గేటు తీసుకుని వచ్చి, దారిన పోయే ఆడమనిషిని పేరైనా అడగకుండా పిలిచి, నుదుట చెయ్యి వేసే మనిషి ఆమెకు ఆ రోజు కావలసివచ్చింది. అలాంటి మనిషి ఆ కాలంలోనే దొరికింది.

ఆ రోజు అత్తమ్మ శనగలు సగం నా చేతిలో పోసింది. మిగిలినవి తాను, ఆకలిగా, ఒక్కటీ కింద పడకుండా తిన్నది.